కీలో లేని లెక్క

తవుడు వాసన నన్ను ఇప్పటికీ నడిరోడ్డు మీద నిలబెట్టేస్తుంది. నిడదవోలు బస్టాండు నుంచి మా బడికి నడిచే దారిలో పశువుల దాణా అమ్మే కొట్టు ఒకటుంది. పొద్దున్నే బస్తా మూతి విప్పగానే వెచ్చగా, తియ్యగా, కాస్త చమురు కంపుతో ఆ వాసన రోడ్డు మీదికి వస్తుంది. నేను లెక్కల టీచర్ని, నలభై దాటినదాన్ని, చేతిలో క్యారేజీ ఉన్నదాన్ని, అయినా ఆ క్షణాన పన్నెండేళ్ళ పిల్లనైపోయి పొట్ట పట్టుకుంటాను. ఈమధ్య పిల్లలకు చదువుల్లో ఒత్తిడి ఎందుకు కలుగుతోంది, అది పెద్దయ్యాక బతుకుల్ని ఏం చేస్తోంది అన్న సంగతి మీద ఒక పరిశోధన మొదలుపెట్టి, ఆదివారాలు ఊళ్ళు తిరిగి తల్లిదండ్రులతో మాట్లాడుతున్నాను. కారణాల జాబితాలో ‘తోటి పిల్లలు’ అని ఒక వరస ఉంది. అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ నా కలం ఆగిపోతుంది.

తొంభైల్లో మా ఊళ్ళో ఏడో తరగతి ట్యూషను మూతబడిన రైసుమిల్లులో జరిగేది. మరలు ఎవరో ఊడదీసి పట్టుకుపోయారు గానీ, ఏళ్ళ తరబడి గోడల్లోకీ దూలాల్లోకీ ఎక్కిన తవుడు మాత్రం పోలేదు. వానాకాలంలో రేకుల మీద వాన మోతకు మాస్టారి గొంతు వినబడక ఆయన పెదాలు చూసి రాసుకునేవాళ్ళం, వేసవిలో ఆ పొడి చెమటకు అంటుకుని మోచేతులు దురద పెట్టేవి, చలికాలం పొద్దుటిపూట పిచ్చుకలు దూలాల మీద పోట్లాడుకుంటూ మా నెత్తిన ఈకలు రాల్చేవి. శనివారం శనివారం పరీక్ష. వచ్చిన మార్కుల వరసలోనే సోమవారం నుంచి కూర్చోవాలి: ముందువాళ్ళకు బల్లలు, తర్వాతివాళ్ళకు గోనెపట్టాలు, ఆఖరివాళ్ళకు ఉత్త నేల. మాస్టారు చెడ్డవారేం కాదు, జ్వరమొస్తే సైకిలు మీద ఇంటికి దింపేవారు. నలభై పేపర్లు దిద్దే ఓపిక లేక పిల్లల చేతే ఒకరి పేపరు ఒకరికిచ్చి దిద్దించేవారు. ఆయన కుర్చీలో కూర్చుని కీ చదివేవారు, మేము ఎర్ర పెన్నులతో దిద్దేవాళ్ళం. కీలో లేని పద్ధతి ఏదైనా కనబడితే లేచి నన్నడగండర్రా అని మాత్రం ప్రతివారం చెప్పేవారు.

శనివారం వస్తే నాకు పొట్టలో మెలిపెట్టేది. అమ్మ దిష్టి అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది, నానమ్మ అజీర్తి అని వాము నీళ్ళు పట్టేది, పక్కింటి అత్త బెదురని తేల్చి తాయెత్తు కట్టించింది. ఒత్తిడి అన్న మాట మా ఇళ్ళల్లో ఎవరికీ తెలియదు. తెలియని దానికి ఇన్ని మందులు వాడాం.

సత్యవేణికి మాత్రం ఏ నొప్పీ లేదు. కాలవ మీద లాకుల దగ్గర వాళ్ళ నాన్న లస్కరు, అంటే తలుపులు ఎత్తి దించి నీళ్ళు వదిలే మనిషి. ఆ పిల్ల పుట్టింది మొదలు నీళ్ళు ఎంత వచ్చాయి, ఎంత పోయాయి అన్న మాటలే వింటూ పెరిగింది. రిబ్బను లేని జడ, మోకాళ్ళ మీద గీరలు, నవ్వితే పళ్ళన్నీ బయటికే. నన్ను పేరు పెట్టి పిలిచిన రోజు లేదు, ఎప్పుడూ ‘ఒసే’ అనే. తొక్కుడుబిళ్ళ ఆడితే నేను గెలిచేదాకా ఆట ఆపేది కాదు, పనసతొన దొరికితే గింజ తను తీసుకుని తొన నాకిచ్చేది. మొదటి బల్ల మీద ఒక వారం తనూ ఒక వారం నేనూ. నేను దిగిన వారం మా ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడేవారు కాదు, తను దిగిన వారం నాకు బల్ల తుడిచిపెట్టి మరీ దిగేది.

ఆ ఏడు దసరా వెళ్ళాక మాస్టారు ఒక కబురు చెప్పారు. రాజమండ్రిలో ఆయన స్నేహితుడొకాయన ఆడపిల్లల గురుకులం ఎంట్రన్సుకి చదివిస్తారట, మా ట్యూషను నుంచి ఒక్కరినే తీసుకుంటారట, రాబోయే శనివారం ఎవరు ముందుంటే కోతలయ్యాక వాళ్ళు వెళ్ళాలట. ఆ సాయంత్రానికే మా నాన్న కిళ్ళీకొట్టు దగ్గర, పాలకేంద్రం దగ్గర, మంగలిషాపులో సగం గడ్డంతో కూడా, అమ్మాయి రాజమండ్రి వెళ్తోందని చెప్పేశారు. అమ్మ ట్రంకుపెట్టె దించి కడిగి ఎండబెట్టింది. ఆ పెట్టె కంటబడకుండా నేను పెరటి దారిన తిరిగొచ్చేదాన్ని.

ఆ శనివారమే అట్లతద్ది వచ్చిపడింది. తెలవారకుండానే లేచి గోంగూర పచ్చడీ ముద్దపప్పూ పెరుగూ కలిపి అమ్మ ముద్దలు పెడితే తిని, గోరింటాకుతో ఎర్రబడ్డ చేతులు ఒకరివొకరం వాసన చూసుకుంటూ, ఎవరి చేయి బాగా పండిందో దెబ్బలాడుకుంటూ, ఊరిపిల్లలందరం మామిడితోటలో ఉయ్యాలలూగాం. సత్యవేణి నిలబడి ఊగి కొమ్మ చిగుళ్ళు పళ్ళతో తెంపుకొచ్చింది. నేను ఉయ్యాలెక్కి కూడా సూత్రాలే వల్లించుకున్నాను. అట్నుంచి అటే మిల్లుకి వెళ్ళాం.

పేపరు మార్చుకుంటే తనది నాకొచ్చింది. ఆఖరు లెక్క అయిదు మార్కులది: ఒక గొట్టం తొట్టెను ఇరవై నిమిషాల్లో నింపుతుంది, ఇంకో గొట్టం ముప్ఫై నిమిషాల్లో ఖాళీ చేస్తుంది, రెండూ తెరిస్తే ఎప్పటికి నిండుతుంది? కీలో భిన్నాలు, తీసివేత, నాలుగు మెట్లు. సత్యవేణి రెండే వరసలు రాసింది. తొట్టెకు అరవై బిందెలు పడతాయనుకుందాం, నిమిషానికి మూడు బిందెలు వస్తున్నాయి, రెండు పోతున్నాయి, ఒకటి మిగులుతోంది, కాబట్టి అరవై నిమిషాలు. చదివిన క్షణంలోనే నాకు అర్థమైంది. అది కరెక్టనీ తెలుసు, నేను చేసిన దానికన్నా బాగుందనీ తెలుసు. లేచి మాస్టారినడిగితే ఆయన భుజం తట్టి మార్కులు వేసేవారని కూడా తెలుసు. మార్కులు కూడి చూశాను, ఆ అయిదు వేస్తే తను ముందు, వేయకపోతే నేను. గోరింటాకు చేత్తో ఆ రెండు వరసల మీదా ఇంటూ మార్కు కొట్టి పక్కన సున్నా చుట్టాను.

పేపరు తీసుకుని నా దగ్గరికొచ్చింది.

“ఒసే, ఇది తప్పా?”

“కీలో అలా లేదు.”

“ఓహో,” అంది. మాస్టారి దగ్గరికి వెళ్ళలేదు, దిద్దింది నేను కదా. నా మీద నమ్మకంతో తన తెలివిని అనుమానించింది.

ఆ తర్వాత కోతలయ్యేదాకా అదే మిల్లులో కూర్చుని అంతా చూశాను. బిందెలు మానేసి కీలో ఉన్నట్టే చేయాలని పట్టుబట్టింది. రాసేది, చెరిపేది, మళ్ళీ రాసేది, కాయితం చిరిగేదాకా చెరిపేది. అరచేతులు చెమటలు పట్టి పావడాకి తుడుచుకుంటూనే ఉండేది. బల్ల నుంచి పట్టా మీదికి, పట్టా నుంచి నేల మీదికి దిగింది. ఒక శనివారం మిల్లు గుమ్మంలోనే వాంతి చేసుకుంటే వాళ్ళ నాన్న వచ్చి భుజాన వేసుకుని తీసుకెళ్ళి, ఎవరిచేతో మంత్రం వేయించాడు. ఆ రోగానికి మందు నా నోట్లో ఉంది. ఒక్క మాట. అది చెప్పకుండా ట్రంకుపెట్టెతో రాజమండ్రి బస్సెక్కాను.

గురుకులంలో సీటొచ్చింది, చదువొచ్చింది, ఉద్యోగమొచ్చింది. గొట్టాల లెక్క వచ్చినప్పుడల్లా పిల్లలకు బిందెలతోనే చెబుతాను, చప్పట్లు కొడతారు. ఒకసారి ఇన్స్పెక్షనుకి వచ్చినాయన “మీ పద్ధతి బాగుందండీ” అన్నాడు. థాంక్సండీ అన్నాను. నాకు సిగ్గులేదు అనుకుంటాను అప్పుడప్పుడు, కానీ ఉంది, చాలా ఉంది, దేనికీ పనికిరాని సిగ్గు.

పోయిన నెల పరిశోధన పని మీద మా ఊరే వెళ్ళాను. మిల్లు కల్యాణమండపం అయింది, మామిడితోట చేపల చెరువు అయింది, అట్లతద్దికి ఉయ్యాల వేసే ఇల్లే లేదట. లాకుల పక్క ఇంట్లో మినపట్ల పిండి రుబ్బి అమ్ముకుంటున్న మనిషి నన్ను చూసి గబగబా చేతులు కడుక్కుని కుర్చీ వేసింది. సత్యవేణే. పదిలో లెక్కలు పోయి చదువాపేసిందని అంతకుముందే విన్నాను.

“రండి మేడంగారూ, కూర్చోండి,” అంది. ఒసే అనలేదు.

పదో తరగతి చదువుతున్న కూతుర్ని చూపించి, “దీనికి లెక్కలంటే హడలండీ. నా పోలికే. నాకు చిన్నప్పట్నుంచీ లెక్కలు రావు కదా,” అని నవ్వింది.

ముప్ఫై ఏళ్ళు మోసిన మాట అప్పుడు చెప్పాను. ఆ రోజు నీ లెక్క కరెక్టే వేణీ, తెలిసే కొట్టేశాను, రాజమండ్రి నువ్వెళ్ళాలి అని. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. తను మాత్రం నా చెయ్యి పట్టుకుని, చంటిపిల్లను సముదాయించినట్టు సముదాయించింది.

“ఊరుకోండి, మీరలా అంటారేంటండీ. మీరెప్పుడూ ఫస్టే కదా, మీకు తెలీదా తప్పేదో ఒప్పేదో. నేనే ఏదో పిచ్చిగా చేసుంటాను.”

ఎంత చెప్పినా నమ్మలేదు. నమ్మకపోగా కూతుర్ని పిలిచి నా పక్కన కూర్చోబెట్టింది. ఆ పిల్ల నోటుబుక్కులో ఒక లెక్క పక్కన పెన్సిలుతో ఏవో బొమ్మలు గీసుకుని, తన దారిన తను ఏదో లెక్కేసుకుంటోంది. సత్యవేణి వంగి చూసి, రబ్బరు తీసుకుని ఆ బొమ్మలన్నీ తుడిచేసింది.

“మేడంగారు ఎలా చెప్తే అలాగే చెయ్యవే,” అంది, “సొంత తెలివి వాడకు.”