రికార్డులో లేని చాట

ఆ పాట పెట్టమని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇరవై ఒక్క నిమిషాల పాట. పైన 'లైవ్' అని రాసుంటుంది. ఆర్మూర్ పసుపు గోదాములో వాయించారని కూడా రాసుంటుంది. ఆ రోజు మైకులు పెట్టింది నేనే కాబట్టి చెబుతున్నాను, అందులో వినపడే చప్పట్లు మావి కావు.

నా పేరు లింబాద్రి. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకూ సభలకూ మైక్‌సెట్ నడుపుతున్నాను. నా సంగతి అంతే. చెప్పాల్సింది ముత్తవ్వ గురించి.

ముత్తవ్వది జక్రాన్‌పల్లి. రోజూ హైవే బస్సెక్కి వచ్చి మా ఊరి గోదాములో పసుపు చెరుగుతుంది. కొమ్ములు చాటలో పోసుకుని మూడుసార్లు ఎగరేస్తుంది, రెండుసార్లు పక్కకు కుదుపుతుంది, మట్టి రాలేలా అంచు మీద రెండుసార్లు తడుతుంది. మొత్తం ఏడు. మళ్లీ మొదటి నుంచి. ఇరవై ఆరేళ్లుగా ఇదే. పక్కామె కబుర్లు చెప్పినా, మేస్త్రీ అరిచినా ఆ ఏడు తప్పదు. మేస్త్రీ ఒకసారి ఆమె చాటను కాలితో పక్కకు నెట్టాడు. "గది నాకు బువ్వ వెట్టేది. కండ్లకద్దుకో, తర్వాత మాట్లాడు" అని అందరి ముందూ అతని చేత ఆ చాటకు మొక్కించింది. అలాంటి మనిషి.

ఆ పాట కట్టిన సుకుమార్‌ది ఆర్మూరే. చర్చిలో డ్రమ్స్ వాయిస్తూ పెరిగి, హైదరాబాద్‌లో ముగ్గురు స్నేహితులతో బ్యాండు పెట్టాడు. ప్రోగ్రెసివ్ రాక్ అట. అదేమిటని అడిగితే, "పాట ఒక్క తీరుగ నడువది కాకా, నడుమ నడుమ తాళం లెక్క మారుతది" అన్నాడు. పోయిన ఏడాది మే నెలలో, సీజను ఒత్తిడి తగ్గి గోదాములో చోటు ఖాళీ అయ్యాక, జనం ముందు వాయించి రికార్డు చేస్తామని వచ్చారు. ఆదివారం మధ్యాహ్నం. విన్నది గోదాములో పనిచేసే ఆడవాళ్లూ, వాళ్ల ఇళ్లవాళ్లూ. చప్పట్ల కోసం నేను జనం వైపు ఒక మైకు పెట్టాను. దాని ఎదురుగా ముత్తవ్వ కూర్చుంది. చాట ఇంకెవరూ తీసుకోకుండా ఒళ్లోనే పెట్టుకుంది.

పద్నాలుగో నిమిషంలో లెక్క మారే చోట సుకుమార్ తప్పిపోయాడు. గిటార్ ఒక దారి, డ్రమ్స్ ఒక దారి. నలుగురూ ఆగిపోయారు. అప్పుడు నా హెడ్‌ఫోనులో ముత్తవ్వ వేళ్లు వినపడ్డాయి. పాట ఏడు లెక్కలోకి వచ్చినప్పటి నుంచే తనకు తెలియకుండా చాట మీద కొడుతూ ఉంది, వాళ్లు ఆగినా ఆమె ఆగలేదు. మూడు, రెండు, రెండు. ఒక నిమిషం పాటు ఆ షెడ్డులో ఉన్నది ఆ చాట చప్పుడే. సుకుమార్ తల వంచి విన్నాడు, లెక్క దొరకబుచ్చుకున్నాడు, మళ్లీ మొదలుపెట్టాడు. జనం లేచి నిలబడి అరిచారు. పాట అయ్యాక వచ్చి ఆమె కాళ్లు పట్టుకున్నాడు.

"నువ్వు లేకుంటె ఇజ్జత్ పోతుండె అవ్వా. పాట కింద నీ పేరు రాస్త."

ఆ మాట ముత్తవ్వ బస్సులో కండక్టర్‌తో సహా అందరికీ చెప్పుకుంది.

ఆ సాయంత్రం నేను రికార్డు చేసిన మెమరీ కార్డు సుకుమార్‌కు ఇచ్చి, అతను కాపీ చేసుకోగానే, అతని కళ్ల ముందే తుడిచేశాను. మాకదే పద్ధతి. పని ఇచ్చిన పార్టీ సరుకు మన దగ్గర ఉంచుకోవడం దొంగతనమని నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పేవాడు. ఆ పద్ధతిని చూసుకుని ఇన్నేళ్లూ గర్వపడ్డాను.

ఆగస్టులో పాట వచ్చింది. అన్నాల వేళ గోదాముకు స్పీకరు బాక్సు తీసుకెళ్లి నేనే పెట్టాను. ముత్తవ్వ అందరినీ పిలిచి చుట్టూ కూర్చోబెట్టుకుంది. పద్నాలుగో నిమిషం వచ్చింది. డ్రమ్స్ ఎక్కడా తప్పలేదు. చాట లేదు. చివర్లో వేలమంది అరుస్తున్న హోరు. ఆమె పేరు కిందా లేదు, పైనా లేదు.

ముత్తవ్వ పక్కన చెరిగే లసుమవ్వ పకపకా నవ్వింది. "ఏదే నీ చాట? బస్సుల గంత చెప్పుకుంటివి!"

ముత్తవ్వ నన్ను చూసింది. "నా చాట ఏమాయె లింబాద్రీ?"

నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే సుకుమార్‌కు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టి ఆమెకిచ్చాను.

"మిక్సింగ్ల తీసేసినం అవ్వా. డ్రమ్స్ స్టూడియోల మల్ల వాయించిన. తప్పు వినవడితె మంచిగుండది."

"తప్పు నీది. తీసేసింది నన్నా?"

"జర సమజ్ చేస్కో అవ్వా. అందరు గట్లనే చేస్తరు."

"మరి గా చప్పట్లు కొట్టినోళ్లెవలు? గంత మంది యాడికెల్లి వచ్చిండ్రు?"

చాట ఉన్న పాత రికార్డు పంపమంటే, అది ఉంచలేదన్నాడు సుకుమార్. "మల్ల మే నెలల వస్తం, అప్పుడు నీ చాట పక్కా పెడ్త" అన్నాడు. ముత్తవ్వ ఫోను నా చేతిలో పెట్టి, "నీ కాడ ఉన్నదా?" అని అడిగింది. తుడిచేశానని చెప్పాల్సి వచ్చింది.

"నీ పద్ధతి సల్లగుండ" అని లేచి పనిలోకి పోయింది. ఆ తిట్టు నాకు దక్కాల్సిందే.

ఈ మే నెలలో వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి షెడ్డు నిండా జనం. సుకుమార్ ముత్తవ్వను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. చాట ముందర కొత్త మైకు పెట్టించాడు. "మా ముత్తవ్వ" అని అందరికీ పరిచయం కూడా చేశాడు. వినడానికే నాకు కంపరమెత్తింది. పద్నాలుగో నిమిషంలో, అనుకున్న ప్రకారం నలుగురూ ఆపేసి ఆమె వైపు తిరిగారు.

ముత్తవ్వ రెండు అరచేతులూ చాట మీద ఆనించి కూర్చుంది. వేలు కదల్లేదు. జనం గుసగుసలాడారు.

"వాయించు అవ్వా" అని సుకుమార్ బతిమాలాడు.

ఆమె మైకు మీదికి వంగింది. "స్టూడియోల వాయించుకో బిడ్డా. చప్పట్లు సుత ఆడనే దొరుకుతయి."

చాట చంకన పెట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది. వాళ్లు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ తప్పారు.

పొద్దు వాలేటప్పుడు సుకుమార్ కార్డు కోసం వచ్చాడు. ఇచ్చాను. కాపీ చేసుకున్నాక, "తుడిచెయ్ కాకా" అన్నాడు.

"తుడువ" అన్నాను.

మర్నాడు అన్నాల వేళ గోదాముకు మళ్లీ బాక్సు తీసుకెళ్లి ఆ కార్డు పెట్టాను. బాక్సులో ముత్తవ్వ గొంతు వచ్చేదాకా లసుమవ్వతో సహా ఎవరూ అన్నం ముద్ద ఎత్తలేదు.