పొడిగుడ్డతో తుడిచిన అద్దం

ఏళ్లుగా ఒక మాట నా మీద బరువుగా కూర్చుని ఉంది. పెద్ద మాటేం కాదు, రెండే పదాలు. ఒకామె అడిగితే జవాబుగా అన్నాను. అన్నప్పటి నుంచి భయపడుతూనే ఉన్నాను. దుకాణం ముందు బండి ఆగితే భయం. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే భయం. "ఏందట్ల ఉలిక్కిపడ్తవ్?" అని మా ఆవిడ అడిగితే అదీ భయమే. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. కానీ ఇవాళ ఎవరికో ఒకరికి మొత్తం చెప్పాలి. కొంచెం ఓపిక పట్టి చదవండి.

నాది ఇబ్రహీంపట్నంలో సీసీ కెమెరాల దుకాణం. అమ్ముతాను, బిగిస్తాను, పాడైతే బాగుచేస్తాను. అంతకుముందు పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోలో పనిచేశాను. అక్కడ మా యజమాని నాకు నేర్పిన మొదటి పని లెన్సు తుడవడం. ముందు బ్లోయర్ అనే రబ్బరు బుడ్డి నొక్కి గాలితో దుమ్ము ఎగరగొట్టాలి. పోని దుమ్మును మెత్తటి కుంచెతో దులపాలి. ఆ తర్వాతే, కొద్దిగా తడి చేసిన మెత్తటి గుడ్డతో, మధ్యలోంచి అంచుల వైపు, ఒత్తకుండా తుడవాలి. దుమ్మంటే సన్నటి రాళ్లేరా, పొడిగుడ్డతో రుద్దితే ఆ రాళ్లతో అద్దాన్ని గీకినట్టే అనేవాడు ఆయన. కెమెరా ముందుండే అద్దానికీ అంతే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశాడులే అని మీరు నా మీద జాలిపడకూడదు.

శేరిగూడ వైపు పోయే రోడ్డు మలుపులో అక్కడి దుకాణాలవాళ్లు కలిసి ఒక కెమెరా పెట్టించుకున్నారు. స్తంభానికి బిగించింది నేనే. అప్పుడప్పుడు వెళ్లి శుభ్రం చేసే బాధ్యత కూడా నాదే. ఆ రోడ్డు మీద రాళ్లు పిండిచేసే క్రషర్ల నుంచి కంకర లారీలు తిరుగుతూనే ఉంటాయి. చెట్ల ఆకులు కూడా బూడిద రంగులో ఉంటాయి అక్కడ. ఎంత తుడిచినా కొన్నాళ్లకే కెమెరా అద్దం మీద రాతిపొడి పేరుకుంటుంది.

ఆ రోజు నిచ్చెన ఎక్కాక చూసుకుంటే బ్లోయర్, కుంచె ఉన్న సంచి కింద బండికే తగిలించి ఉంది. దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఎండ మాడుస్తోంది. యాచారంలో ఇంకో పని ఒప్పుకున్నాను, వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. మెడలో తువ్వాలు ఉంది. తీసి అద్దాన్ని ఆ పక్కకూ ఈ పక్కకూ గట్టిగా రుద్దాను. వేళ్ల కింద కరకరమంది. అప్పుడైనా ఆగానా? ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఆ కరకర ఏమిటో నాకంటే బాగా తెలిసినవాడు ఆ రోడ్డు మీద ఎవడూ లేడు కదా. రుద్దడం అయ్యాక తల వంచి చూస్తే అద్దం నిండా సన్నటి అడ్డగీతలు.

ఫోన్‌లో చూస్తే బొమ్మ శుభ్రంగానే ఉంది. సాయంత్రం దుకాణంలో కూర్చుని మళ్లీ చూశాను. పొద్దు వాలి ఎండ నేరుగా కెమెరా మీద పడే వేళకు తెరంతా పాలు ఒలికినట్టు తెల్లబడింది. గీతలు అడ్డంగా పడ్డాయి కాబట్టి మెరుపులన్నీ నిలువుగా సాగుతున్నాయి. మా వీధి కిరాణా ఆయన చిన్న కారు ఆ మలుపు తిరిగింది. దాని అద్దం మీద పడ్డ ఎండ పైకి సాగి, ఆ కారు లారీ అంత ఎత్తు కనబడింది. నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. కొత్త అద్దం వేయాలి, వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాను. ఆ వారం పోయింది. ఇంకో వారం పోయింది.

ఖాజా భాయ్ గురించి చెప్పాలి. గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు బాగుచేసేవాడు. పాత మోపెడ్ వెనక పెట్టె కట్టుకుని ఊరూరూ తిరిగేవాడు. నన్ను తమ్మీ అని పిలిచేవాడు. మా ఇంట్లో పొయ్యి మంట ఎర్రగా వస్తోందంటే ఎంత పని ఉన్నా వచ్చి సరిచేసి, మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగి పోయేవాడు. ఒక సాయంత్రం పని ముగించుకుని ఇంటికి వస్తుంటే ఆ మలుపులోనే వెనక నుంచి ఏదో బండి గుద్దింది. ఆగకుండా పోయింది. చప్పుడు విని దుకాణాలవాళ్లు బయటికి వచ్చేసరికి దుమ్ము తప్ప ఏమీ లేదట. దవాఖానకు తీసుకుపోయారు. ఆయన బతికి బయటికి రాలేదు.

పోలీసులు రికార్డింగ్ కోసం నా దుకాణానికే వచ్చారు. తెర మీద తెల్లటి వెలుగు, అందులో మోపెడ్ నీడ, దాని వెనక ఎత్తుగా ఒక తెల్లటి ఆకారం. నంబరు లేదు, రంగు లేదు. "ఏందయ్యా, మొత్తం తెల్లగున్నది?" అని ఎస్సై అడిగాడు. "ఎదురెండ సార్" అన్నాను. ఎండ మాట నిజమే. గీతల మాట ఎత్తలేదు. నీ వల్లే బండి దొరకలేదు అంటారని భయం. నాకు ఇంకెవరూ పని ఇవ్వరని భయం. చూడండి, ఆయన చనిపోయిన మరునాడే నా దుకాణం గురించి ఆలోచించాను నేను.

అక్కడితో ఆగినా బాగుండేది.

కొన్ని రోజులకు ఖాజా భాయ్ భార్య మెహరున్నీసా భాబీ ఒక్కతే దుకాణానికి వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. స్టూలు వేస్తే కూర్చోలేదు.

"తమ్మీ, ఒక్కపారి గది నాకు చూపియ్. నా కండ్లతోని చూస్త" అంది.

వద్దని చెప్పాలనుకున్నాను. చెప్పలేక చూపించాను. ఆమె తెరకు ముఖం దగ్గరగా పెట్టి చూసింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను.

"మోపెడ్ ఎన్క గదేంది, గంత ఎత్తున్నది?"

"బండి భాబీ."

"సాయిలు ట్యాంకర్ లెక్క లేదా? గా టైంకు గా తొవ్వలనే పోతడట. అందరు గదే అంటున్నరు."

సాయిలు ట్రాక్టర్‌కు నీళ్ల ట్యాంకర్ కట్టుకుని శేరిగూడలో కాలేజీ పిల్లల హాస్టళ్లకు నీళ్లు పోసేవాడు. రోజూ ఆ మలుపులోంచే తిరుగుతాడు. ఆ రోజు తాను ముందే హాస్టల్ సందులోకి మళ్లానని చెప్పాడట గానీ, చూసినవాళ్లు లేరు.

కిరాణా ఆయన చిన్న కారు నా కళ్ల ముందు ఉంది, లారీ అంత ఎత్తున. ఈ ఆకారం ట్యాంకరే కానక్కర్లేదని, కారైనా ఆటో అయినా ఇలాగే కనబడుతుందని చెప్పాలి. చెబితే ఎందుకలా అని అడుగుతుంది. ఎందుకో చెప్పాలి.

"చెప్పు తమ్మీ. కెమెరాల పనోనివి, నీకు ఎర్కుంటది. ట్యాంకరే గద?"

"గట్లనే కనబడ్తున్నది" అన్నాను.

అదే ఆ మాట. ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో. కనబడుతున్నది అన్నానే తప్ప ట్యాంకరే అనలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆమె మనసులో ఏం పడిందో నాకు తెలుసు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, మరొక్క మాట అడగకుండా వెళ్లిపోయింది. అక్కడి నుంచి నేరుగా ఠాణాకే పోయిందట. కెమెరా ఆయన కూడా అదే అన్నాడని చెప్పిందట.

సాయిలును తీసుకుపోయారు. ట్యాంకర్‌ను ఠాణా ఆవరణలో పెట్టారు. దాని మీద సొట్ట లేదు, గీత లేదు. చివరికి వదిలేశారు. కానీ ఊరు వదల్లేదు. హాస్టళ్లవాళ్లు వేరే ట్యాంకర్‌ను పిలుచుకున్నారు. చాయ్ హోటల్లో అతను కూర్చుంటే పక్కవాళ్లు గ్లాసులు తీసుకుని లేచేవాళ్లు. నేనూ ఒకసారి అలాగే లేచాను. అవును, నేను కూడా.

ఒక మధ్యాహ్నం సాయిలు నా దుకాణం మెట్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. నేను చూశాను. చూసి, ఏదో కింద పడినట్టు కౌంటర్ కిందికి వంగాను. వైర్ల మధ్య ముఖం పెట్టుకుని కూర్చున్నాను. "అన్నా" అని పిలిచాడు. కాసేపటికి మళ్లీ పిలిచాడు. అతను వెళ్లిపోయాడని తెలిశాక కూడా చాలాసేపు లేవలేదు. తర్వాత కొన్నాళ్లకే ట్యాంకర్ అమ్మేసి, పెళ్లాం పిల్లలతో అబ్దుల్లాపూర్‌మెట్ వైపు పోయాడని విన్నాను. అక్కడ ఎవరిదో లారీ నడుపుతున్నాడట.

ఆ వారమే స్తంభం ఎక్కి పాత కెమెరా విప్పేశాను. వారంటీలో కొత్తది వచ్చిందని దుకాణాలవాళ్లకు చెప్పాను. వాళ్లు సంతోషించారు. పాతది సంచిలో వేసుకుని, పని ఆగిపోయి నీళ్లు నిండిన ఒక క్వారీ గుంతకు పట్టపగలే పోయాను. చుట్టూ ఎవరూ లేరు. విసిరేశాను. అది మునిగే చప్పుడుకు గుంత అంచున మేస్తున్న మేకలు తలలెత్తి చూశాయి. మేకలున్నాయంటే మనిషి ఉంటాడు కదా. ఎక్కడున్నాడు? చూశాడా? బండి తాళం రెండుసార్లు చేతిలోంచి జారిపోయింది. ఆ మనిషిని నేను ఇప్పటికీ చూడలేదు. అందుకేనేమో, మేకలు కాసే ప్రతివాడిలో ఆయనే ఉన్నట్టు అనిపిస్తుంది.

అప్పటి నుంచి కెమెరా కొన్న ప్రతివాళ్లకూ తుడవడం గురించి గంటసేపు చెబుతాను. ముందు గాలి, తర్వాత కుంచె, పొడిగుడ్డ వద్దేవద్దు. "మస్తు జాగ్రత్తగ చెప్తవన్నా" అంటారు. ఆ మెప్పు వినలేక తల తిప్పుకుంటాను.

ఇక ఈ ఉదయం సంగతి. మెహరున్నీసా భాబీ ఇప్పుడు భర్త పనే చేస్తోంది. బస్టాండు దగ్గర చిన్న డబ్బా కొట్టులో పొయ్యిలు బాగుచేస్తుంది. సామాను పోతోంది, కెమెరా పెట్టాలని కబురు చేస్తే వెళ్లాను. ఎక్కడ బిగించాలో చూస్తున్నాను. ఆమె బర్నర్ విప్పుతూ, తల ఎత్తకుండానే అంది: "గప్పుడు ఎన్కంగ అన్నోళ్లే, అడిగితే అందరు ఊకున్నరు తమ్మీ. నువ్వొక్కనివే నాకు నిజం చెప్పినవ్."

అక్కడే పొయ్యిల మధ్య కింద కూలబడ్డాను. అన్నీ చెప్పేశాను. తువ్వాలు, గీతలు, కిరాణా ఆయన కారు, క్వారీ గుంత. ఎలా చెప్పానో గుర్తులేదు. ఆగి ఆగి చెప్పాను. ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది. తిడుతుందనుకున్నాను. దాంతో పొడిచినా కదిలేవాణ్ని కాను.

"మరి ఎవలు తమ్మీ?" అంది. "సాయిలు కాకుంటే ఎవలు?"

"తెల్వది భాబీ. మంచిగ తుడిచి ఉంటే తెలుస్తుండె."

గిరాకీ ఒకతను కుక్కర్ పట్టుకుని వస్తే చెయ్యి ఊపి పంపేసింది. ఆ తర్వాత అంది: "ఇన్నేండ్లు వాన్ని శపించుకుంట బతికిన. వాని పిల్లగాండ్లను గూడ. నా నోట నువ్వే అనిపిచ్చినవ్." స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "సాయిలుకు చెప్పినవా?"

"లే."

"చెయ్ ఫోన్. నా ముంగటనే చెయ్."

వాళ్లనూ వీళ్లనూ అడిగి నంబరు పట్టుకుని చేశాను. సాయిలు లారీలో ఉన్నట్టున్నాడు, ఇంజను చప్పుడు వినబడింది. నేను చెబుతుంటే మధ్యలో ఆ చప్పుడు ఆగిపోయింది. బండి పక్కకు ఆపాడు కాబోలు. చివరిదాకా విన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"దుకాణం తెరిచుంటదా?"

"ఉంటది."

"వస్తున్న" అని పెట్టేశాడు.

భాబీ తాను ఠాణాకు పోతానంది. కెమెరా ఎందుకు పారేశావని వాళ్లు అడుగుతారు, చెప్పడానికి సిద్ధంగా ఉండమంది. క్షమించమని ఆమెను అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే అది కూడా నా కోసమే అవుతుందనిపించింది. ఆమె కూడా ఆ మాట అనలేదు. నా వైపు చూడకుండా డబ్బా తలుపు మూసి వెళ్లిపోయింది.

ఇప్పుడు దుకాణంలో కూర్చుని మీకు ఇది రాస్తున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. సాయిలు ఒక్కడే వస్తాడా, మనుషులతో వస్తాడా? కొడతాడా? ఏమీ అనకుండా నా ముఖం చూసి పోతాడా? అలా పోతే అదే ఎక్కువ భయం నాకు. పోలీసులు ముందొస్తారేమో. ఏ ఆటో ఆగినా పెన్ను ఆగిపోతోంది.

అద్దాన్ని పాడుచేసింది నేనే. దాచింది నేనే. సాయిలును ఊళ్లోంచి వెళ్లగొట్టిన మాట అన్నది నేనే. ఖాజా భాయ్‌ని గుద్దినవాడు ఎక్కడో ఉన్నాడు, వాడెవడో ఇక ఎప్పటికీ తెలియదు. దానికి కారణం కూడా నేనే. ఇందులో ఒక్కటీ ఇవాళ నేను చెప్పినందువల్ల తగ్గలేదు.

షట్టర్ పూర్తిగా పైకి ఎత్తి ఉంచాను. అక్షరాలు వంకరగా పోతున్నాయి. మా ఆవిడ పొద్దున కట్టిచ్చిన టిఫిన్ డబ్బా బల్ల మీద అలాగే ఉంది. చెబితే మీకు వింతగా ఉంటుందేమో, నాకు ఆకలేస్తోంది.