గొంతు విడిగా ఇవ్వలేదు

1986లో మద్రాసు దగ్గరి తిరువళ్ళూరు స్టేషనుకు పోయే దారిలో, ఒక సైకిల్ షాపు మేడ మీద నాకు చిన్న రికార్డింగ్ గది ఉండేది. బయటి మోత రాకుండా గోడలకు గోనెపట్టాలు కొట్టించాను. ఎక్కువగా వచ్చేవి తిరుత్తణి కొండ మీది స్వామి పాటలే. ఆ స్వామి పండుగ ఆడికృత్తిక దగ్గరపడితే పనితో ఊపిరాడేది కాదు. అలాంటి గదికి ఒక రాక్ గాయని వచ్చింది.

పేరు ఎస్తేరు. పట్టాభిరామ్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల. వాళ్ళ బావ దానియేలు నడిపే గిటార్ బ్యాండులో పాడేది. ఒకసారి వాళ్ళ కచేరీకి వెళ్ళాను. గిటార్లూ డ్రమ్సూ కలిసి ఇల్లు పీకి పందిరేస్తున్నాయి. ఆమె నోరు కదలడం కనిపించింది గానీ ఒక్క మాటా చెవిన పడలేదు.

నా దగ్గరికి మాత్రం ఒంటరిగా వచ్చింది. తెచ్చుకున్నది సింథసైజర్, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డు. దానితోపాటు డ్రమ్ మెషీన్, తనంతట తానే తాళం వేసే చిన్న పెట్టె.

"క్యాసెట్టుకు సరిపడా పాటలుండాయన్నా. అన్నీ తెలుగులో నేనే రాసినా. గిటారు ఒక్కటి గూడా వద్దు."

"రాక్ పాడేదానివి, నీకీ కీచుశబ్దాలు ఏందిమ్మా?"

"ఆ గిటార్ల కింద నేనేం పాడతా ఉండానో మా అమ్మకే తెలీదు. ఇదైతే నాకు చోటిస్తాది. విని చెప్పు."

విన్నాను. ఆ మెషీన్ల మధ్య ఆమె గొంతు నిటారుగా నిలబడింది. ప్రతి మాటా తెలిసింది.

నాది ఫోర్ ట్రాక్ మెషీన్. ఒకే టేపు మీద నాలుగు శబ్దాలను నాలుగు వరుసల్లో వేరువేరుగా నింపవచ్చు. చోటు చాలకపోతే మూడింటిని కలిపి నాలుగో దానిలోకి ఎక్కిస్తాం. దాన్ని బౌన్స్ అంటారు. ఆ తర్వాత పాత వరుసల మీద వేరేది రికార్డు చేస్తే, కలిసినవాటిని ఇక విడదీయలేం. అందుకే గొంతును ఎప్పుడూ విడిగా ఉంచుతాం. మా పనిలో అది మొదటి పాఠం.

వాయిద్యాలు ముగిసి గొంతు మొదలుపెట్టే రోజున దానియేలు దిగాడు. మద్రాసులో ఒక క్యాసెట్ కంపెనీతో మాట్లాడి వచ్చాడట.

"మిషన్ మోత తీసేసి మా గిటార్లు పెడితే వాళ్ళు వేస్తారంట. దీని గొంతు మటుకు విడిగా ఇయ్యన్నా, మిగతాది మేం చూసుకుంటాం," అన్నాడు నాతో.

"నేను ఈడనే ఉండా గదా బావా, నన్నడుగు," అంది ఎస్తేరు.

"నీ మంచికే చెప్తా ఉండా. మిషన్ పాటలు ఎవురింటారు? కంపెనీ మళ్ళీ వస్తాదా?"

"రాకపోతే పోనీ."

ఆదివారం వచ్చి టేపు తీసుకుంటానని అతను వెళ్ళిపోయాడు. ఎస్తేరు నా వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు బౌన్స్ చేసేటప్పుడే నేనూ పాడతా. నా గొంతు దాంట్లోనే కలిసిపోనీ."

"పిచ్చా నీకు? మళ్ళీ తీసేకి కాదు."

"తీసేకి కాకూడదనే అడిగేది. ఊరికే సుమ్మా అడగలేదన్నా."

ఒప్పుకున్నాను. బౌన్స్ మధ్యలో ఎక్కడ మాట తడబడినా పాట మొదటికొచ్చేది. విసుక్కున్నది నేనే, ఆమె కాదు. ప్రతి పాటా అలాగే కలిపాం. ఖాళీ అయిన మూడు వరుసల మీద ఆమే మళ్ళీ వంతపాడింది. వెనక్కి పోయే దారి అక్కడితో మూసుకుపోయింది.

ఆదివారం దానియేలు చెవులప్పగించి విన్నాడు. "గొంతు యాడన్నా?" అన్నాడు.

"దాంట్లోనే ఉండాది. విడిగా లేదు."

"పని తెలిసినోడు చేసే పనేనా ఇది?" అని నా మీదికి లేచాడు.

ఎస్తేరు మధ్యలోకి వచ్చింది. "చెయ్యమన్నది నేను. పాట నాది బావా. వింటే ఇట్లనే విను."

కంపెనీ తీసుకోలేదు. మేమే కాపీలు తీశాం. తిరుత్తణి బస్టాండు దగ్గర ఒక షాపులో భక్తిపాటల పక్కన పెట్టించాం. పెద్దగా అమ్ముడుపోలేదు. అయినా ఎస్తేరు ఆ బ్యాండులోకి తిరిగి వెళ్ళలేదు.

గొంతును విడిగా ఉంచడం జాగ్రత్త అనుకునేవాణ్ణి. ఆ జాగ్రత్త పాడేవాళ్ళ కోసమా, టేపు పట్టుకుపోయేవాళ్ళ కోసమా అన్నది ఆ రోజుదాకా నాకు తట్టలేదు. తర్వాత టేపు ఎవరడిగినా, పాడిన మనిషి ఒప్పుకుంటేనే ఇచ్చాను. దాంతో పాడేవాళ్ళను వెంటబెట్టుకొచ్చే కొందరు పెద్దమనుషులు నా మేడ మెట్లెక్కడం మానేశారు. మానితే మాననీ.