బావ ఎత్తిన పిడికిలి

ఇది మంచుకొండలతో ఇద్దరు సూరత్ మొనగాళ్లు చేసిన మహా పోరాటం, అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి అద్దె బూట్లు వేసుకుని, ముక్కులు కారుతుండగా, పట్టపగలు ఒక గుట్ట ఎక్కాం. అంతే.

దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. సూరత్ శివార్లలోని ఉన్‌లో మా అద్దెగదిలో ఏడుగురం పడుకునేవాళ్లం. దయ్యం వచ్చినా నిలబడే చోటు ఉండేది కాదు.

తొంభైల్లో మాట. హోళీకి కూలీలంతా ఊళ్లకు పోతే మా మగ్గాల కార్ఖానా వారం పైగా మూతపడింది. చీరల రంగుల మిల్లులో పనిచేసే ధరమ్ హిమాచల్‌లోని తన ఊరికి రమ్మన్నాడు. నేనూ, మా అక్క భర్త రాజేశం బావా బయల్దేరాం. పదిహేనేళ్ల మగ్గాల మోతకు బావ చెవులు పోయాయి.

అక్క ఒక్కటే చెప్పింది. "తమ్మీ, మీ బావకు ఇనరాదు. జర చెయ్యి వట్టుకోని నడువు."

"నేనేమన్న పెండ్లి చేసుకున్ననా ఆయన్ని, చెయ్యి వట్టుకోనీకి?" అన్నాను. అక్క నవ్వింది.

మార్చి నెల. పగలు కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి, దారంతా గాజు పరిచినట్టుంది. బావ ఒక ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు.

"అరే బామ్మర్దీ, గీ దానికోసమా రెండు దినాలు రైల్ల కూసున్నం? మన సూరత్ భేస్తాన్‌ల ఐసుగోళా అమ్మెటోడు దీనిమీద జర రంగన్నా పోస్తడు!"

ముందు నేను, మధ్యలో ధరమ్, వెనక బావ. దారి ఇరుకు, అందుకే చెయ్యి పట్టుకోలేదు. అలా అని నాకు నేను చెప్పుకుంటుంటాను.

మా కార్ఖానాలో అరిస్తే ఎవరికీ వినపడదు. అన్నీ సైగలే. పిడికిలి ఎత్తితే 'ఆగు, చిక్కొచ్చింది' అని. భుజం మీద రెండుసార్లు తడితే 'మగ్గం ఆపు' అని. వెనక్కి తిరిగిన ధరమ్‌కు బావ పిడికిలి ఎత్తి నిలబడి కనిపించాడట. రంగుల మిల్లు మనిషికి మా సైగలేం తెలుసు? పలకరిస్తున్నాడనుకుని తానూ చెయ్యూపి ముందుకొచ్చేశాడు. బావ అరవలేదు. అరిచే అలవాటు పోయి పదిహేనేళ్లయింది.

ధరమ్ ఆ మాట నాకు చెప్పేసరికి వెనక పొగమంచు తప్ప ఏమీ లేదు. చెవిటి మనిషిని పేరు పెట్టి గొంతు పోయేలా పిలిచాను. నా తెలివి అంతవరకే. బావ పైకొస్తే చూసుకొమ్మని ధరమ్‌ను అక్కడే ఉంచి, ఒక్కడినే కిందికి పరిగెత్తాను.

పొగమంచులో కొంతదూరం పోయాక కుడి భుజం మీద ఎవరో తట్టారు. రెండుసార్లు. అలవాటుకొద్దీ కాలు ఆగిపోయింది. చేతికర్ర ముందుకు ఆనిస్తే మంచు అంచు ఊడి లోయలోకి పోయింది. పడిన చప్పుడు కూడా రాలేదు.

"ఏంది బావా, పరాశికాలాడుతున్నవా?" అంటూ తిరిగాను. ఎవరూ లేరు. వెనక, ఎండకు మెత్తబడిన మంచులో, కిందికి దిగిన అడుగులు ఒక్క వరుసే ఉన్నాయి. అవి నా బూట్లవి.

మర్నాడు ఊరివాళ్లు ఆ అంచు కిందినుంచే బావను తీశారు. పడగానే ప్రాణం పోయిందనీ, నేను అక్కడికి చేరేసరికే అంతా అయిపోయి ఉంటుందనీ వైద్యుడు చెప్పాడు.

అక్కకు అంతా చెప్పాను. చాలాసేపు నా భుజం వైపే చూసింది. "నీకు సైగ జేసినోడు, నాకు ఒక్కటన్నా చెయ్యకపాయెనా?" అంది.

చెట్టు మీంచి మంచు రాలి ఉంటుందంటాడు ధరమ్. అక్కడ చెట్లు లేవు. నన్ను తట్టింది ఎవరో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

మరణ ధ్రువపత్రం మాత్రం మనిషి ఎక్కడ పోతే అక్కడే ఇస్తారట, సూరత్‌లో ఇవ్వరు. రేషన్ కార్డు నకలు పట్టుకుని మళ్లీ అక్కడికే వెళ్లాను. ఆ రోజు ఆదివారం, ఆఫీసు మూసి ఉంది.