విమానం నోట్లో జరీపోగు

ఈ సాయంత్రం కె.ఆర్.పురం బజారులో బంతిపూల వాసన ముక్కుకు తగులుతుంటే దండ కోసం ఆగాను. పూలమ్మి "జరీది ఇయ్యాల్నా అక్కా?" అంది. వద్దు, ఉత్త దారానిది చాలన్నాను. జరీ మెరుపు చూస్తే నాకు మునెప్పగారే గుర్తొస్తారు.

ఆయన మా ప్రయోగశాలలో విమానాల నమూనాలు చేసేవారు. అసలు విమానం రాడార్‌కు ఎంత కనబడుతుందో ముందే తెలియాలంటే, మూరెడు బొమ్మ చేసి, గోడలు రాడార్ తరంగాలను మింగేసే గదిలో తిప్పుతూ కొలుస్తాం. కర్ర బొమ్మను నున్నగా చెక్కి వెండిపూత పూయడం మునెప్పగారి పని. వెంట్రుకవాసి గీత ఉన్నా ఆయన వేలికి తెలిసిపోయేది. ఇంకొకరు ఆ బొమ్మ మీద వేలు పెడితే మాత్రం ఎక్కడలేని కోపం.

నేను కొత్తగా చేరిన ఏడు ఆయుధపూజనాడు, స్పానర్లకూ కంప్యూటర్లకూ బొట్లు పెడుతూ, ఆయన చూడకుండా బొమ్మకూ జరీదండ వేశాను. ముచ్చటేసింది, అంతే! పండుగ వెళ్ళాక దండ తీసేసి కొలిస్తే తెరమీద ఉండకూడని చోట ఒక గీత నిట్టనిలువుగా లేచింది. మూడుసార్లు కొలిచినా అదే. నా ఉద్యోగం ఖాయం కావలసిన నెల అది. భయం కొద్దీ "నమూనా తయారీలో లోపం" అని నివేదికలో రాసేశాను. మునెప్పగారు చదివి సంతకం పెట్టారు. ఆయన పనిమీద పడిన మొదటి మచ్చ అదే.

మర్నాడు బొమ్మలో ఇంజనుకు గాలి పోయే రంధ్రంలోంచి పట్టకారుతో చిన్న జరీపోగు లాగారు. మళ్ళీ కొలిస్తే గీత అణిగిపోయింది. లోహపు పోగు కదా, రాడార్ ఊరుకుంటుందా! ఆ పోగు నా అరచేతిలో పెట్టి, పెద్దసారుకు చెప్పొద్దన్నారు.

"నాకు రెండు నెల్ల సర్వీసు ఉండాది పాపా. నీకు ముందర బతుకంతా ఉండాది."

ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపుతోనే వెళ్ళి సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. నివేదిక మారింది. నా ఉద్యోగం ఖాయం కావడం ఆరు నెలలు వెనక్కి పోయింది. మునెప్పగారు తిక్కదానివని తిట్టి, ఆ మధ్యాహ్నం తన రాగిముద్దలో సగం తుంచి నా కంచంలో వేశారు.

ఇప్పుడాయన లేరు. కుర్రవాళ్ళ నివేదికలు నా బల్లమీదికే వస్తాయి. ఎవరైనా నమూనాది తప్పని రాస్తే, లోపల చూశావా అని అడుగుతాను. నేనూ టార్చి పట్టుకుని వెళ్ళి చూస్తాను. రేపు ఆయుధపూజ. ఈ దండ బొమ్మకు కాదు. రిటైరైన రోజు మునెప్పగారు నా చేతిలో పెట్టి వెళ్ళిన పట్టకారుకు.