కళ్లజోడు తీస్తే నవ్వండి

అక్టోబరు నెల, శుక్రవారం. స్థలం: సౌదీలోని ధహ్రాన్, వసుంధర గారి విల్లా. హాజరైనవారు: రచయితల కార్యశాల నడిపిన వసుంధర గారు, నా భార్య రాజ్యలక్ష్మి, మా అల్లుడు కిరణ్, దుకాణం నడిపే కడప అన్వర్ బాషా, రాయాలని సరదా పడే మరికొందరు, నేను. వీరిలో పరువు మొత్తం పోగొట్టుకున్నవాడు ఒక్కడే. ఈ వివరాలన్నీ డైరీలో రాసుకున్నవాడూ అతనే.

నాలుగేళ్ల నాటి మాట. అప్పటికి నాకు అరవై ఆరేళ్లే, ఇంకా కుర్రతనం వదల్లేదు. విజిట్ వీసా మీద అమ్మాయి దగ్గరికి వచ్చి, కూర్చుని కూర్చుని విసుగెత్తి, ఈ కార్యశాలలో చేరాను. పొద్దున హాస్యం పాఠం, మధ్యాహ్నం కుటుంబ కథల పాఠం. ఆ తర్వాత, రచయిత తన డప్పు తానే ఎలా కొట్టుకోవాలో పాఠం. సాయంత్రం అందరూ తమ ఇంటి కథ చదవాలి. వాటిలో మంచిదానికి రియాద్‌లో తెలుగువాళ్ల వార్షిక సభలో వేదికెక్కే అవకాశం. ఆ వేదిక నాదేనని నేను ఇడ్లీలు తింటున్నప్పుడే తీర్మానించుకున్నాను.

నా కథ మా అత్తగారి గురించి. అది తెలిసి రాజ్యలక్ష్మి ముందే హెచ్చరించింది.

"మా అమ్మను నవ్వులపాలు చేశారో, మిగిలిన వీసా రోజులు మీరొక్కరే ఉందురు గాని. నేను టికెట్ ముందుకు జరిపించుకుని పోతాను."

నవ్వంతా నా మీద, కన్నీళ్లన్నీ అత్తగారికి అని మాటిచ్చాను.

కానీ నవ్వు రాకపోతే? నేను ఏ పనీ అదృష్టానికి వదిలేసే మనిషిని కాను. భోజనాల విరామంలో అల్లుణ్ణి పక్కకు పిలిచాను.

"అల్లుడు గారూ, నేను కళ్లజోడు తీసినప్పుడల్లా మీరు గట్టిగా నవ్వాలి."

"ఎందుకు మామయ్యగారూ?"

"నవ్వు జలుబు లాంటిది. ముందు ఎవరో ఒకరు తుమ్మాలి."

మా వైపు అల్లుడు అడిగితే మామ ఇవ్వాలి గాని, మామ అడిగితే అల్లుడేం చేయాలో ఎవరూ చెప్పలేదు. పాపం, మేనేజరు ముందు ఊపినట్టే తల ఊపాడు. పైగా తోడుంటే ధైర్యమని అన్వర్ బాషాను కూడా కలుపుకున్నాడు. బాషా నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"సార్, కత ఇనాల్నా, మీ అద్దాలు సూడాల్నా? రెండూ ఒకేసారి నాతో కాదు."

"అద్దాలే చూడండి బాషా" అన్నాను. నా జీవితంలో ఇంత స్పష్టంగా ఇచ్చిన ఆదేశం మరొకటి లేదు.

పొద్దుగూకి, మగ్రిబ్ నమాజు అయ్యాక తోటలో కుర్చీలు వేశారు. ఏసీ హాల్లోంచి ఆ ఉక్కలోకి అడుగుపెట్టగానే, ఇడ్లీ పాత్ర మూత తీసి అందులో తల పెట్టినట్టు కళ్లజోడు మీద ఆవిరి కమ్మింది. మైకు కనపడలేదు. తుడుచుకుందామని తీశాను. అల్లుడు పాత లారీ స్టార్టయినట్టు నవ్వాడు. బాషా తొడ చరిచాడు. వాళ్లను చూసి జనమూ నవ్వారు. పెట్టుకున్నాను, మళ్లీ ఆవిరి. తీశాను, మళ్లీ నవ్వులు. గమనించండి, అప్పటికి నేను చెప్పింది నా పేరు మాత్రమే.

కథ మొదలుపెట్టాను. మా పెళ్లిలో నేను అలకపాన్పు ఎక్కి, చేతి గడియారం ఇస్తేగాని దిగనని భీష్మించాను. కాసేపు బతిమాలారు. ఇంతలో భోజనాలకు పిలుపొచ్చింది, అందరూ వెళ్లిపోయారు. నేను బింకంగా కూర్చుని, అలాగే నిద్రపోయాను. తెల్లవారుజామున అత్తగారు పులిహోర తెచ్చి లేపి, మామగారి గడియారం నా చేతికి కట్టారు. "ఈసారి టైము చూసుకుని అలగండి బాబూ, భోజనాలకు ముందే తేలిపోతుంది" అన్నారు.

ఈ నవ్వు నిజమైనది. రియాద్ వేదిక కళ్లముందు కనపడింది.

ఇక చివరి పేరా. చాలా ఏళ్ల తర్వాత అత్తగారు మంచం పట్టారు. చివరి రోజుల్లో ఒక పగలు నేను పక్కన కూర్చుంటే, నా మణికట్టు వైపు చూసి "టైమెంతయింది బాబూ?" అని అడిగారు.

ఇంట్లో ఎన్నోసార్లు చదువుకున్నప్పుడు ఏమీ కాలేదు. ఆ తోటలో మాత్రం కళ్లు నిండాయి. అంతా మరిచిపోయి కళ్లజోడు తీశాను.

అల్లుడూ బాషా విరగబడి నవ్వారు. తోటంతా నిశ్శబ్దం, ఆ రెండు నవ్వులు తప్ప. ఆపమని చెయ్యి ఊపాను. ఆ చేతిలో కళ్లజోడుంది. ఇంకా గట్టిగా నవ్వమంటున్నాననుకుని బాషా లేచి నిలబడి మరీ నవ్వాడు.

"కిరణ్, ఏమైంది మీకు?" వసుంధర గారు అడిగారు.

"మామయ్యగారు కళ్లజోడు తీశారండీ" అన్నాడు ఆ సత్యసంధుడు.

రాజ్యలక్ష్మి లేచి మైకు దగ్గరికి వచ్చింది. నా మనసులో విమానం అప్పుడే రన్‌వే మీద పరిగెడుతోంది. ఆవిడ నా చేతిలోని కళ్లజోడు తీసుకుని, కొంగుతో తుడిచి, నా ముఖానికి పెట్టింది.

"ఆ రోజు గుమ్మం దగ్గర నేనున్నాను" అంది జనంతో. "పన్నెండున్నర అత్తయ్యా, అన్నారు ఈయన. అయితే భోజనాల వేళే, వెళ్లి తినండి బాబూ, మళ్లీ అలిగారనుకుంటారు, అంది మా అమ్మ."

తోట తోటంతా నవ్వింది. ఎవరి కళ్లజోడూ అవసరం లేకపోయింది. ఆ మాట నా డైరీలో లేదు. అత్తగారు అది అన్న రోజు రాయడానికి చెయ్యి రాలేదు.

మర్నాడు పొద్దున్నే వసుంధర గారు ఫోన్ చేశారు. రియాద్ వేదిక రాజ్యలక్ష్మిదేనట. ఆవిణ్ణి మైకు దాకా రప్పించింది ఎవరని నేను అల్లుడి ముందు ఛాతీ విరుచుకున్నాను.

"ఏమండీ, అక్కడ నేను కొంగు సర్దుకుంటే మీరు నవ్వాలి" అంది ఆవిడ, కాఫీ అందిస్తూ.

"ఏడుపొస్తే?"

"దానికి సైగ అక్కర్లేదులెండి."

వెంటనే డైరీ తెరిచి రాశాను: 'ప్రాణం మీదికి వచ్చినా సరే, ఇకపై నలుగురిలో కళ్లజోడు తీయనని ఇందుమూలముగా ప్రమాణము చేయడమైనది.' సాక్షి సంతకం పెట్టమని అల్లుడికిచ్చి, కాఫీ ఒక గుక్క తాగాను. అద్దాలకు ఆవిరి పట్టింది. తీశాను.

అల్లుడు గట్టిగా నవ్వాడు.