మోకరించి లేచేసరికి చల్లబడిన కాలు

ఆ ఆదివారం ఆరాధన ముగించుకుని గురజాల బస్టాండుకు నడుస్తున్నాం. మావారు ఏసోబు దారిలో రెండు మూడుసార్లు ఆగారు.

"ఏందయ్యా, నిలబడ్డావు?"

"పిక్క పట్టేస్తందే. ఆగితే పోతది, నడిస్తే వస్తది."

ఆయన ఆటో నడుపుతారు. బీడీ మానరు. కండరాల నొప్పి అనుకుని, సంఘంలో ప్రార్థించి ఇచ్చిన నూనె రాస్తూ వచ్చాను. కొన్నాళ్ళకు బొటనవేలు నల్లబడింది. నరసరావుపేటలో డాక్టర్ పాదం మీద వేళ్ళు ఆనించి చాలాసేపు వెతికారు. "పల్స్ అందడం లేదమ్మా. వాస్కులర్ సర్జన్‌కు, అంటే రక్తనాళాల డాక్టరుకు చూపించండి."

గుంటూరులో రక్తం పారే తీరు చూసే డాప్లర్, సీటీ యాంజియోగ్రామ్ పరీక్షలు చేశారు. తొడలో రక్తనాళం మూసుకుపోయింది. "బైపాస్ చేయాలి. ఆలస్యమైతే కాలు తీసేయాల్సి వస్తుంది" అన్నారు సర్జన్. అప్పటినుంచి ప్రార్థనలో "ప్రభువా" దగ్గరే ఆగిపోయేదాన్ని.

ఆయన కాలిలోంచే సిర తీసి, తొడ నుంచి మోకాలి కిందికి రక్తానికి కొత్త దారిగా బైపాస్ వేశారు. పాదం వెచ్చబడింది. ఇంటికి పంపేటప్పుడు, "కింద కూర్చోవద్దు, బీడీ ముట్టొద్దు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన బ్లడ్ థిన్నర్ మానొద్దు" అన్నారు. అన్నీ పాటించాం.

కుట్లు మానాక ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. ఆయనకు కుర్చీ వేశాం. ముగింపు ప్రార్థనకు పాస్టరుగారు మోకరించమన్నారు. అందరితోపాటు ఆయనా కుర్చీ దిగి మోకరించారు. నేను ఆపలేదు. మా లెక్కలో మోకరించడం కూర్చోవడం కాదు, దేవుని ముందు ఉండే తీరు. చెల్లించాల్సిన స్తోత్రాలు ఎన్నో ఉన్నాయి, ప్రార్థన సాగింది. ఆమెన్ అన్నాక ఆయన లేవలేదు.

"మార్తా, ఈ కాలు నాది కానట్టుందే."

పట్టుకున్నాను. పాదం తెల్లగా పాలిపోయి, చల్లగా ఉంది.

"తిమ్మిరిలే, రుద్దు" అంది పక్కింటి సువార్తక్క.

"తిమ్మిరి కాదక్కా, కారు పిలిపించు!" అని అరిచాను.

గుంటూరు దాకా ఆ పాదం నా ఒళ్ళోనే ఉంది. "నీ ముందు మోకరించినందుకేనా తండ్రీ?" అని అడిగాను. అలా అడిగినందుకు ఇంకా భయపడ్డాను.

"గ్రాఫ్ట్, అంటే మేం వేసిన సిర, బ్లాక్ అయింది. మోకాలు అంతసేపు మడవడం కారణం కావచ్చు. గడ్డకట్టిన క్లాట్ తీస్తాం. కాలు దక్కుతుందని ఇప్పుడే చెప్పలేను" అన్నారు సర్జన్.

"కింద కూర్చోవద్దన్నారు, కూర్చోలేదు సార్."

సర్జన్ మా డిశ్చార్జ్ కాగితం తిరగేసి చూశారు. "మోకరిస్తారేమోనని నేనూ అడగలేదమ్మా."

కాలు దక్కింది. బొటనవేలు మాత్రం తీసేశారు. పాస్టరుగారు వార్డుకు వచ్చి, "నేనే నిన్ను కుర్చీలోంచి దింపినట్టయింది తమ్ముడూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"ప్రార్థన కాస్త పొట్టిగా చేస్తే సరిపోయేదిగా అయ్యగారూ" అన్నారు మావారు. ఆ ఆసుపత్రిలో నేను నవ్వింది అప్పుడే.

ఇప్పుడు ఆయన సంఘంలో కుర్చీ మీదే, కాలు చాపుకుని ప్రార్థిస్తారు. పక్కన మోకరించి, ఒక చేయి ఆ పాదం మీద వేసి ఉంచుతాను. వెచ్చగానే ఉంటుంది. అయినా ఆమెన్ అనేదాకా చేయి తీయను.

చదివేవారికి ఒక్క మాట. డిశ్చార్జ్ రోజున జాగ్రత్తలేమిటని అడిగి ఊరుకోవద్దు. మీరు ఎలా కూర్చుని తింటారో, ఎలా పడుకుంటారో, దేవుని ముందు ఎలా ఉంటారో చెప్పి, ఇది చేయవచ్చా అని అడగండి. చెప్పడం రాకపోతే, అక్కడే డాక్టరు ముందు మీరు మోకరించి చూపించండి.